సంస్థకు రూపము, పేరుకు విలువ

అంగడి పెట్టినవాడు ముందుగా పేరు పలక వ్రాయించుట మన మెరిగిన యాచారమే. నేడా పలక రెండు చోట్ల కావలసివచ్చుచున్నది: ఒకటి వీథిలో, రెండవది వెబ్‌సైటులో. సంస్థ పేరు, గుర్తు, రంగులు, అక్షరముల తీరు, వెబ్‌సైటు, వీనినన్నిటిని ఒక్క పోలికగా కూర్చుటయే వృత్తిగా గల సంస్థలు నేడు పట్టణములలో వెలసినవి. వీరు చేయు పని యెట్టిది? డబ్బిచ్చి ఆ పని చేయించుకొనువారు గమనింపవలసిన దేమి?

ఈ వృత్తి వెబ్‌తో పుట్టినది కాదు. 1907లో జర్మనీలోని ఏ.ఇ.జి. అను విద్యుత్పరికరముల కంపెనీ పీటర్ బేరెన్స్ అను కళాకారుని సలహాదారుగా నియమించుకొనెను. ఆయన గుర్తును దిద్ది యూరకుండలేదు. దీపములు, గడియారములు, నీళ్లు కాచు పాత్రలు, ప్రకటన పత్రములు, తుదకు 1909లో బెర్లినునందు వెలసిన టర్బైను కర్మాగారము, అన్నిటికిని ఆయనయే రూపకల్పన చేసెను. ఏ వస్తువును చూచినను ఇది ఫలానావారిదని తెలియుచుండెను. పెద్ద సంస్థలు నేటికిని అనుసరించు మార్గమిదియే.

1986లో అమెరికాలో స్టీవ్ జాబ్స్ తన నెక్స్ట్ కంప్యూటరు కంపెనీకి గుర్తు గీయుమని పాల్ రాండును కోరెను. కొన్ని నమూనాలు చూపుమనగా, రాండు తానొక్కటే యిత్తుననియు, వాడుకొనుట మానుట మీ యిష్టమనియు, ప్రతిఫలము మాత్రము చెల్లింపవలెననియు చెప్పెను. ఆ ప్రతిఫలము లక్ష డాలర్లు! గుర్తుతోపాటు, దాని నట్లేల గీసెనో వివరించు పుస్తకము నొకదానిని గూడ ఆయన యిచ్చెను. గుర్తు ప్రశంస లందుకొన్నది. కంప్యూటర్లు మాత్రము ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 1993లో కంపెనీ వాని తయారీని మానుకొన్నది. అమ్ముడుపోని సరకును మంచి గుర్తు రక్షింపలేదు. అయినను, టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్ పరిశోధనాలయమున మొదటి వెబ్ బ్రౌజరును వ్రాసినది ఆ నెక్స్ట్ కంప్యూటరు మీదనే యనుట విశేషము.

ఇక చిన్న వ్యాపారి సంగతి. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయువాడైనను, పోచంపల్లిలో చీరలు నేయువాడైనను, వెబ్‌సైటు చేయించుకొనునపుడు మూడు విషయములను గమనింపవలెను.

మొదటిది డొమైను పేరు. ఇది గడువు ప్రకారము రుసుము చెల్లించి నిలుపుకొను హక్కు. దీనిని తయారుచేయువారి పేర గాక తన పేరనే నమోదు చేయించుకొనవలెను. లేనిచో వారితో పొత్తు చెడిననాడు తన పేరు తనకే పరాయిదగును.

రెండవది తెలుగు వ్రాత. మన లిపికి 1991లోనే యూనికోడులో స్థానము లభించినది. అయినను కొందరు తెలుగు మాటలను బొమ్మలుగా నతికించుచున్నారు. బొమ్మలోని మాటలను వెదకి పట్టుట కష్టము; చూపులేనివారికి చదివి వినిపించు సాధనములకును అవి తరచుగా అందవు.

మూడవది గుర్తు. వ్యాపార చిహ్నముగా చట్టరీత్యా నమోదైనచో దానికి పదేండ్లు రక్షణ కలుగును. గడువు తీరినపుడు మరల పదేండ్లకు పొడిగించుకొనవచ్చును. గీసినవారినుండి హక్కులను వ్రాతపూర్వకముగా పొందుట మరువరాదు.

నిపుణుడైన రూపకర్త కుంచె పట్టకముందే ప్రశ్నించును: నీ సరకెవరికి? వారు నిన్నెందుకు నమ్మవలెను? ఈ ప్రశ్నలకు వ్యాపారియొద్ద సమాధానము లేనిచో, ఎంత చక్కని రంగులైనను దానిని సమకూర్పజాలవు. గుర్తును చూచి కొనుగోలుదారు ఒకసారి వచ్చును. రెండవసారి వచ్చుట సరకు మీదనే యాధారపడియున్నది.