పాటలు డౌన్‌లోడ్ చేసినవాళ్లే తీర్పు చెప్తే?

ముందు ఒక ప్రశ్న. ఆన్సర్ మీ మనసులోనే చెప్పుకోండి చాలు. జీవితంలో ఒక్కసారైనా పైరసీ సైట్‌లో సినిమా చూశారా? ఫ్రెండ్ పంపిన టెలిగ్రామ్ లింక్ నొక్కారా?

సరే. ఇప్పుడు ఇదే ప్రశ్న కోర్టులో ప్రమాణం చేయించి అడిగారనుకోండి. ఎదురుగా ఆ కంపెనీ లాయర్లే కూర్చుని ఉన్నారు. నిజం చెప్తారా?

అమెరికాలో పైరసీ కేసుకి జ్యూరీని ఎంచుకునేటప్పుడు వచ్చే చిక్కు ఇదే. జ్యూరీ అంటే మనలాంటి మామూలు జనం. కేసు మొదలయ్యే ముందు వాళ్లని ప్రశ్నలడిగి, ఎటో ఒకవైపు మొగ్గు ఉన్నవాళ్లని తీసేస్తారు. దీన్ని 'వ్వార్ డీర్' అంటారు. ఫలానా మనిషికి పక్షపాతం ఉందని జడ్జిని ఒప్పించగలిగితే ఎంతమందినైనా తీసేయొచ్చు. కారణం చెప్పకుండా అయితే ఫెడరల్ సివిల్ కేసుల్లో ఒక్కో పక్షానికి ముగ్గురే.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక కేసులో చూద్దాం. మిన్నెసోటాలో జేమీ థామస్ అనే ఆవిడ మీద రికార్డ్ కంపెనీలు కేసు వేశాయి. కజాలో 24 పాటలు షేర్ చేసిందని ఆరోపణ. అక్కడి చట్టం ప్రకారం ఒక్కో పాటకి కనీసం 750 డాలర్లు కట్టాలి. తెలిసి, కావాలని చేస్తే 1,50,000 వరకూ వేయొచ్చు. మధ్యలో ఎంత అనేది జ్యూరీ చేతిలోనే ఉంటుంది.

2007లో మొదటి జ్యూరీ 2,22,000 డాలర్లు కట్టమంది. జ్యూరీకి చట్టాన్ని తప్పుగా వివరించానని జడ్జే ఆ తీర్పు కొట్టేశారు. 2009లో రెండో జ్యూరీ 19,20,000 అంది. అప్పటి రేటులో దాదాపు 9 కోట్ల రూపాయలు! 2010లో మూడో జ్యూరీ 15 లక్షల డాలర్లంది. జడ్జి దాన్ని 54,000కి తగ్గిస్తే, 2012లో అప్పీల్ కోర్టు మళ్లీ 2,22,000కే తెచ్చింది.

అవే 24 పాటలు, మనిషీ ఆవిడే. మా కోడింగ్‌లో ఒకే ఇన్‌పుట్‌కి మూడు రకాల అవుట్‌పుట్ వస్తే, మధ్యలో ఏం మారిందా అని వెతుకుతాం. ఇక్కడ మారినవాటిలో పెద్దది జ్యూరీ బాక్స్‌లో కూర్చున్న మనుషులే.

మరి ఎవరిని తీసేయాలి? డౌన్‌లోడ్ చేసిన ప్రతివాళ్లనీ తీసేస్తే, మిగిలేది నెట్ పెద్దగా వాడనివాళ్లే కావచ్చు. ఫైల్ షేరింగ్ ఎలా పనిచేస్తుందో కూడా వాళ్లకి మొదటినుంచీ చెప్పాలి. పోనీ ఉంచేద్దామంటే, 'అందరూ చేసేదేగా' అని చట్టాన్నే పక్కన పెట్టేస్తారేమోనని కంపెనీల భయం. అటువైపు కూడా చూడాలి కదా: మ్యూజిక్ మీద బతికేవాళ్లు జ్యూరీలో ఉంటే ముద్దాయి పక్షం ఊరుకుంటుందా?

నా లెక్కలో 'మీరు డౌన్‌లోడ్ చేశారా?' అన్నది వీక్ ప్రశ్న. భయపడ్డవాడు అబద్ధం చెప్తాడు, నిజం చెప్పినవాడు ఇంటికెళ్తాడు. అంటే ఫిల్టర్‌లో నిజాయితీపరులే పోతున్నారు! దానికన్నా 'చట్టం చెప్పిన కనీస మొత్తం మీకు అన్యాయం అనిపించినా వేయగలరా? కంపెనీ రుజువు చేయలేకపోతే వదిలేయగలరా?' అని అడగాలి. ఇబ్బందిపెట్టే విషయాలైతే అందరి ముందూ కాకుండా, జడ్జి విడిగా పిలిచి అడగొచ్చు.

మన దగ్గర ఈ గొడవ లేదు. 'రుస్తుం' సినిమా చూశారుగా? దానికి మూలమైన నానావతి కేసు తర్వాత, క్రిమినల్ కేసుల్లో జ్యూరీ మెల్లగా కనుమరుగైంది. జడ్జే తీర్పు చెప్తారు. అలాగని పక్షపాతం అన్న ప్రశ్న పోయిందా? స్వీడన్‌లో 2009లో జ్యూరీ లేకుండానే పైరేట్ బే తీర్పు వచ్చాక, ఆ జడ్జి కాపీరైట్ సంఘంలో మెంబర్ అని బయటపడి పెద్ద రచ్చైంది. పక్షపాతం లేదని పై కోర్టు తేల్చింది, అది వేరే విషయం.

ఇప్పుడు మీరు చెప్పండి. ఒక పైరసీ కేసులో మిమ్మల్ని జ్యూరీలో కూర్చోబెడితే న్యాయంగా ఉండగలరా? కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!