సాఫల్యం వైపు పిలుపు, ఆత్మపరిశీలన

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు, అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా హితవు చెబుతున్నాము.

ప్రతిదినం అయిదు పూటలా మన మస్జిదు నుండి అజాన్ వినబడుతుంది. అందులో నమాజుకు రమ్మనే పిలుపు వెంటనే సాఫల్యం వైపు రమ్మనే పిలుపు ఉంటుంది. ఆ సాఫల్యానికి అరబ్బీ పదం 'ఫలాహ్'. రైతును సూచించే 'ఫల్లాహ్' అనే పదం కూడా అదే ధాతువు నుండి పుట్టింది. నేలను చీల్చడం, దున్నడం ఆ ధాతువుకు మూలార్థం. కనుక సాఫల్యమంటే ఒడిలో వచ్చి పడే అదృష్టం కాదు, దున్ని పండించుకొనే పంట. మరి మనం దున్నవలసిన నేల ఏది? సూరహ్ అష్షమ్స్‌లో అల్లాహ్ సూర్యచంద్రుల మీద, రేయింబవళ్ల మీద, భూమ్యాకాశాల మీద, చివరకు మానవ ఆత్మ మీద ప్రమాణం చేసి, ఆత్మను శుద్ధి చేసుకొన్నవారికే సాఫల్యమని, దానిని అణచివేసినవారికి వైఫల్యమని తెలియజేశాడు. ఆ నేల మన అంతరంగమే.

మణుగూరు వాసులకు ఈ మాట సులభంగా బోధపడుతుంది. మన ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గు పైకి కనబడదు. దానిని కప్పి ఉన్న మట్టిని, రాతిని ముందు తొలగించాలి. సింగరేణి కార్మిక సోదరులు దానిని ఓబీ అంటారు. ఒక టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్ల మట్టిని ఎత్తిపోయవలసి వస్తుంది. ఓబీ తీయకుండానే ఇక్కడ బొగ్గు లేదు అనేవాడు గనిని ఎరుగనివాడు. మన హృదయాల మీద కూడా అటువంటి పొరలున్నాయి.

మొదటి పొర సాకు. ఉద్యోగం రాకపోతే సిఫారసు లేదంటాము. వ్యాపారం సాగకపోతే దిష్టి తగిలిందంటాము. పిల్లవాడు చదవకపోతే స్నేహితులు చెడగొట్టారంటాము. ఏదీ తోచనప్పుడు తఖ్దీర్ అంటాము. తఖ్దీర్‌ను విశ్వసించడం ఈమాన్‌లో భాగమే. అయితే ఒంటెను కట్టకుండా అల్లాహ్ మీద భారం వేయవచ్చునా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి, ఆ పిమ్మట భారం వేయమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. లోకంలో అన్యాయం లేదని మేము అనడం లేదు. అన్యాయాన్ని ప్రశ్నించవలసిందే. కానీ ఎదుటివారి తప్పును లెక్కించినంత శ్రద్ధగా మన కర్తవ్యాన్ని లెక్కించుకొంటున్నామా? సూరహ్ అర్రఅద్ 11వ ఆయత్‌లో అల్లాహ్ జాతుల స్థితిగతులలో మార్పును వారి అంతరంగంలోని మార్పుతో ముడిపెట్టాడు.

రెండవ పొర నిరాశ. "మాతో ఏమవుతుంది, మా దగ్గర ఏముంది?" అనే మాట. హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించిన ఒక సంఘటన సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఒక అన్సారీ సోదరుడు యాచించడానికి ప్రవక్త సన్నిధికి వచ్చాడు. ఇంట్లో ఏమైనా ఉందా అని వారు అడిగారు. కప్పుకోవడానికి, పరచుకోవడానికి ఒక ముతక వస్త్రం, నీరు త్రాగే ఒక పాత్ర ఉన్నాయని అతడు చెప్పాడు. ప్రవక్త వాటిని తెప్పించి, వేలం వేసి, రెండు దిర్హములకు విక్రయించారు. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, మరొక దానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజుల వరకు కనబడవద్దని పంపారు. అతడు పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చాడు. ఆ వస్త్రం, ఆ పాత్ర, ఆ భుజబలం మొదటి నుండీ అతనివే. మారినది వాటిని చూసే దృష్టి. అడవి అంచున నివసించే మనకు గొడ్డలి విలువ వేరే చెప్పనవసరం లేదు.

మన సమీపంలోనూ ఒక దృష్టాంతం ఉంది. గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న చర్ల ప్రాంతపు బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరుకొన్నాడు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ పేద కుటుంబాలవారు, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకొని, డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడవ వంతు మాత్రమే. తనవల్ల కాదని కూర్చున్నవాడు మొదటి బండనే ఎక్కలేడు. తనకంతా తెలుసని తొందరపడినవాడు ఆ కొండ నుండి క్షేమంగా దిగలేడు. తన బలాన్నీ, తన పరిమితినీ రెండింటినీ ఎరిగినవాడే అడుగు వేయగలడు. ఆ పిల్లలకు గురువులు, గురుకులం చేయూతనిచ్చాయి. చేయూత ఎవరికైనా అవసరమే. దానిని అందుకోవడానికి చాచిన చేయి మాత్రం వారిదే.

మూడవ పొర అహంకారం. ఇది విజయం తరువాత పేరుకొంటుంది. ఇమామ్ గజాలీ (రహిమహుల్లాహ్) బాగ్దాద్‌లోని నిజామియా మద్రసాలో ప్రధాన ఆచార్యులు. కీర్తి, హోదా, శిష్యగణం అన్నీ ఉన్నాయి. అటువంటి స్థితిలో తమ సంకల్పాన్ని పరిశీలించుకొని, తమ బోధన వెనుక ఉన్నది అల్లాహ్ ప్రసన్నత కాదు, పేరు ప్రతిష్ఠల కాంక్ష అని గ్రహించారు. క్రీ.శ. 1095లో ఆ పదవిని విడిచి వెళ్లారు. ఆయన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఆత్మపరిశీలనకు, అంటే ముహాసబాకు, ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. లోకం విజయమన్నది అల్లాహ్ వద్ద విజయం కాకపోవచ్చు. లోకం ఓటమి అన్నది అక్కడ ఓటమి కాకపోవచ్చు.

తల్లిదండ్రులారా! పరీక్ష తప్పిన బిడ్డను "నీవు పనికిరావు" అనకండి. ఆ ఒక్క మాట వాడి హృదయం మీద మరొక పొరగా పేరుకొంటుంది, కొన్నిసార్లు ప్రాణం మీదికే తెస్తుంది. "నీ దగ్గర ఏముందో చూద్దాము రా" అని ప్రక్కన కూర్చోబెట్టుకోండి. గొడ్డలికి పిడి బిగించిన ప్రవక్త సంప్రదాయం అదే. యువకులారా! ఒక ఫలితాల పత్రం మీ జీవితపు లెక్క కాదు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందడం విశ్వాసికి తగదు.

రేపు లెక్క తీసుకొనబడక ముందే నేడు మన లెక్క మనమే చూసుకోవాలని హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఉపదేశించారు. కనుక ఇషా నమాజు తరువాత కొద్దిసేపు కూర్చుందాము. ఈ దినం నా చేతిలో ఉన్న పనిలో దేనిని విడిచిపెట్టాను? ఎవరి హక్కు నా మీద మిగిలి ఉంది? అల్లాహ్ నాకు ఇచ్చిన దేనిని వాడకుండా వృథా చేశాను? తప్పు కనబడితే తౌబా చేసుకొందాము. సామర్థ్యం కనబడితే కృతజ్ఞత చెల్లించి, మరునాటి ఫజ్ర్ నుండి దానిని పనిలో పెడదాము.

యా అల్లాహ్! మా లోపాలను మాకు చూపించు, ఇతరుల లోపాలను వెదకే అలవాటు నుండి మమ్ము కాపాడు. నీవిచ్చిన శక్తిని గుర్తించే దృష్టిని ప్రసాదించు. మా బిడ్డలను నిరాశ నుండి, మమ్ము అహంకారం నుండి రక్షించు. ఇహపరాల సాఫల్యం మాకు అనుగ్రహించు. ఆమీన్.