పై వాటా అద్దె

పట్టాలందుకుంటున్న పిల్లలూ, నేను మున్సిపాలిటీలో బిల్ కలెక్టరుగా ఉద్యోగం మొదలుపెట్టినవాణ్ణి. ఇంటి పన్నుకి వెళ్తే ‘సారు ఊళ్లో లేరు’ అని సారే తలుపు సందులోంచి చెప్పిన రోజులున్నాయి. అందుకే నాకు పన్ను కబుర్లు తప్ప వేరే రావు.

ఆమధ్య టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. ఏప్రిల్‌లో వాడికో కవరొచ్చింది, ఇంటి విలువ ఇంత పెరిగిందని. అక్కడ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. బడుల ఖర్చులో పెద్ద వాటా ఇంటి పన్నుదే. ఇల్లు అమ్మితే తప్ప పెరిగిన విలువ చేతికి రాదు. పన్ను మాత్రం ఏటా కట్టాలి. పెన్షన్ మీద బతికే ముసలివాళ్లకు అది నిజంగా కష్టమే.

2023లో టెక్సాస్ ఖజానాలో 3,270 కోట్ల డాలర్ల మిగులు తేలింది. ధరలు మండి అమ్మకపు పన్ను, చమురు, గ్యాస్ పన్నులు దండిగా వచ్చిన రోజులవి. అందులోంచి బడులకు సొమ్మిచ్చి, ఆ మేరకు ఇంటి పన్ను తగ్గించారు. సొంతింట్లో కాపురముండేవాళ్లకు బడి పన్ను లెక్కలో 40 వేల డాలర్లున్న మినహాయింపును లక్ష చేశారు. 2025లో 1.40 లక్షలు చేశారు. రెండుసార్లూ ఓటర్లు సరేనన్నారు. వంద డాలర్ల విలువకు ఒక డాలరు పన్ను వేసుకున్నా, లక్ష మినహాయింపంటే ఏటా వెయ్యి డాలర్లు మిగిలినట్టే.

మావాడు ఆ లెక్క చెబుతుంటే, ఇర్వింగ్‌లో అద్దెకుండి చదువుకుంటున్న మా తమ్ముడి కొడుకు, ‘‘మరి నాకేం తగ్గింది పెదనాన్నా?’’ అన్నాడు. వాడి చేతిలో అప్పుడే కొన్న బూట్ల బిల్లుంది. 60 డాలర్ల బూట్లకు పన్ను 4.95. అందులో రాష్ట్రానికి పోయేది 3.75. ‘‘అందులో కొంత మీ అన్నయ్య ఇంటి పన్నుకి సాయం పోతోందిరా’’ అన్నాను. ఓనర్లకు పన్ను రేటు తగ్గింది కాబట్టి అద్దెలూ తగ్గుతాయని చెప్పేవాళ్లున్నారు. తగ్గొచ్చు. తగ్గించి తీరాలని మాత్రం ఎక్కడా రాసిపెట్టలేదు.

వాడికి నీతులు చెబుతుండగా మా ఇల్లే గుర్తొచ్చింది. 2020 దీపావళికి తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లో 15 వేల రూపాయల లోపు ఇంటి పన్ను కట్టేవాళ్లకు సగం తగ్గించింది. మాకూ తగ్గింది. మా పై వాటాలో అద్దెకున్నవాళ్లు ఆ నెలా మొదటి తారీఖునే కవరు తెచ్చిచ్చారు. లెక్కపెట్టుకుని బీరువాలో పెట్టాను. అడగొచ్చని వాళ్లకు తెలీదు, చెప్పాలని నాకు తోచలేదు.