కొత్త వకీలుకు పాత గుమస్తా నాలుగు మాటలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాడేపల్లిగూడెం సభ్యులొకరి మనుమరాలు ఇటీవల న్యాయవాదిగా ఎన్‌రోల్ అయినది. ఆ అమ్మాయిని సత్కరించే ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను లా చదివినవాణ్ణి కాను. రెవెన్యూ ఆఫీసులో కోర్టు ఫైళ్లు చూసిన గుమస్తాను. ప్రభుత్వం మీద ఎవరైనా దావా వేస్తే పేరాలవారీ రిమార్కులు రాసి జీ.పీ. గారికి పంపడం నా సీటు పని. అందుచేత న్యాయస్థానాన్ని నేను పక్కవాకిలి నుంచే చూశాను.

1982 డిసెంబరు 17 సంగతి అమ్మాయి చదివే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 1979లో పెన్షను లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరచి, ఆ మార్చి 31న గాని తరువాత గాని దిగిపోయిన వారికే అన్నది. నకారా కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గీతను చెరిపేసింది. పెన్షను దయాభిక్ష కాదు, హక్కు అన్నది. అయితే 1979 ఏప్రిల్‌కు ముందటి బకాయిలు మాత్రం ఇప్పించలేదు. సభల్లో మనం ఈ రెండో సంగతి ఎందుకో చెప్పుకోము!

ఆ కేసు నడిపినవారు చదువుకున్నవారు, అర్జీ రాయడం వచ్చినవారు. మన కొల్లేటి లంకల వారి సంగతి వేరు.

1999లో ప్లస్ ఐదు కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశం మీద చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బ్రతకాలన్నది న్యాయమే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవలసిందే కదా. అందులో నాకు సందేహం లేదు.

కాని పొక్లెయినుకు గట్లన్నీ ఒకటే. కాగితాలు ఒకటి కావు. ఒకరిది జిరాయితీ. ఒకరిది డి-ఫారం పట్టా. మరొకరిది 1970లలో ప్రభుత్వమే పెట్టించిన మత్స్యకార సొసైటీలో వాటా. కాలక్రమాన వీటిలో చాలా చెరువులు పెట్టుబడి ఉన్నవారి చేతికి లీజుకు పోయాయి. అసైన్డు భూమిని అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా 1977 చట్టం ప్రకారం అప్పట్లో చెల్లదు. కనుక దావా వేయవలసి వస్తే లీజుదారు ముందుకు రాడు. వేలిముద్ర లంకవాడిది, ఖర్చు లీజుదారుది. మా ఆఫీసుకు వచ్చిన కొందరిని "ఏం కోరి దావా వేశావయ్యా?" అంటే, "తెలీదు బాబయ్యా, పెద్దాయన వేలేయమన్నాడు, వేశాను" అనేవారు. అఫిడవిట్టేమో ఇంగ్లీషులో ఇరవై పేరాలు! అతని పేరిట ప్రభుత్వం మీద యుద్ధం జరుగుతుండేది. అతను మాత్రం మరొకరి చెరువు మీద కూలికి పోయేవాడు. నేను ఎవరికి జవాబు రాస్తున్నానా అని అప్పుడప్పుడు కలం ఆగిపోయేది.

అమ్మా, ఫీజు ఎవరిచ్చినా, వకాల్తా మీద వేలుపెట్టినవాడే నీ కక్షిదారు. దావాలోని కోరిక అతనికి తెలుగులో చదివి వినిపించు. లీజుదారు లాభమూ అతని లాభమూ ఒకటి కానప్పుడు ఆ మాట అతనికే చెప్పు. ఫీజు తగ్గవచ్చు. సీనియరు గారు నొచ్చుకోవచ్చు కూడా.

లోక్ అదాలత్‌కూ ఇదే వర్తిస్తుంది. కోర్టు ఫీజు తిరిగివస్తుంది, వాయిదాలు తప్పుతాయి, మంచిదే. గూడెం నుంచి ఏలూరుకు పాసెంజరు బండిలో వాయిదాలకు తిరిగినవారికి ఆ విలువ తెలుసు. కాని ఆ అవార్డు మీద అప్పీలు లేదు. అందుకే సంతకానికి ముందే చదివి వినిపించాలి. స్త్రీలకు, ఎస్.సి., ఎస్.టి.లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉన్నదని 1987 చట్టం చెబుతోంది. ఆ సంగతి కోర్టు గోడ మీద బోర్డులో ఉంటుంది. చదవలేనివారికి నోటితో చెప్పేవారు కావాలి.

ఇక సెక్షను 80 నోటీసు. ప్రభుత్వానికి రెండు నెలల వ్యవధి ఇచ్చేది జవాబు చెప్పుకోవడానికే. చాలా కేసుల్లో జవాబే రావడం లేదని 2005లో సుప్రీంకోర్టే అన్నది. మా బీరువాలు చూసినవాడిగా నేను కాదనలేను. అయినా నోటీసు శ్రద్ధగా రాయి. సర్వే నంబరు, పట్టా తేదీ, అడంగల్ నకలు సరిగ్గా ఉంటే ఫైలు చూసే గుమస్తాకు నిజం దాచడం కష్టమవుతుంది. నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు.

అడంగల్ చదవడం రాకపోతే ఏ ఆదివారమైనా మా ఇంటికి రా. నేర్పుతాను. సెలవు.