ఒక్క మూకుడులో భోజనం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వంట గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. బోనకల్ స్టేషన్‌లో రైలెక్కి వెళ్లి, హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న మన పిల్లల కోసం ఈ నాలుగు మాటలు. చేతిలో డబ్బు తగ్గితే వాళ్లు ముందు మానేసేది తిండే.

ఒక స్టవ్వు, ఒక మూకుడు చాలు. మూడు ఆలుగడ్డలు అర అంగుళం ముక్కలుగా కోసి, నీళ్లలో కడిగి, గుడ్డతో తుడవండి. పైనున్న పిండి పోతే ముక్క అడుగంటదు. మూడు చెంచాల నూనెలో తాలింపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆపైన ముక్కలు, ఉప్పు, పసుపు. మూత పెట్టి సన్న సెగ మీద పదిహేను నిమిషాలు. మెత్తబడ్డాక మూత తీసి ఎర్రగా వేగనివ్వాలి. ఈ ఐదు నిమిషాలకే ఎవరికీ ఓపిక ఉండదు, రుచంతా అక్కడే ఉంది. కారం ముందే వేస్తే మాడుతుంది, ఇప్పుడు చల్లండి. ముక్కల మధ్య గుంటలు చేసి నాలుగు గుడ్లు కొట్టి పోసి, మళ్లీ మూత. సొన గట్టిపడగానే దించితే ఇద్దరికి సరిపోతుంది. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు.

గుడ్డు శాకాహారమా అన్న పేచీ ఈ సభలోనూ ఉంది. 2011 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు దాన్ని మాంసాహారం కిందే కట్టాయి. పుంజు లేని ఫారం గుడ్డు పొదిగినా పిల్ల కాదు కదా అనేవారూ ఉన్నారు. నేను తీర్పు చెప్పను. తిననివారు ఉడికించిన శనగలు వేసుకోండి.

సర్కారు బడిలో ఉన్నన్నాళ్లు మధ్యాహ్న భోజనంలో గుడ్డు అందుతుంది. బడి దాటినవాళ్ల సంగతే నేనడిగేది. చదువుకు ఊరు విడిచే ప్రతి పిల్లకు, పిల్లాడికి మన సంఘం తరఫున ఒక మూకుడు, చిన్న స్టవ్వు ఇద్దాం. మొదటి పదింటి ఖర్చు నాది.