ఇంటి కంప్యూటరులో మొండి ఫైళ్ళు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువులు, స్కాలర్‌షిప్పులు, వైద్యసాయం గూర్చి పెద్దలు మాట్లాడినారు. మాకు అప్పగించిన విషయం చిన్నది. కంప్యూటరులో ఒక ఫైలు చెడిపోతుంది, తెరుచుకోదు, తీసేద్దామంటే పోదు. దాన్ని ఎట్లా వదిలించుకోవాలి? చిన్న విషయమే గాని దీని వెనుక పెద్ద నష్టం పొంచి ఉన్నది గనుక కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

ఈనాడు మన కోదాడ ఇళ్ళల్లో కంప్యూటరు అంటే ఇనప్పెట్టె లాంటిది. పిల్లల మెమోలు, బి.సి.-ఇ సర్టిఫికెట్లు, నికాహ్‌నామా కాపీలు, గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి పాస్‌పోర్టు నకలు, వలీమా వీడియో అన్నీ అందులోనే. మన సభ్యుల ఇళ్ళల్లో ఒకచోట ఏం జరిగిందంటే, ఒక్క వీడియో ఫైలు పోవడం లేదని కంప్యూటరును రిపేరుకు ఇచ్చినారు. అక్కడి కుర్రవాడు డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి చేతిలో పెట్టినాడు. పోవలసిన ఫైలు పోయింది. దానితోపాటు మర్హూమ్ దాదాగారి ఫోటోలు కూడా పోయినవి. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటారే, అదన్నమాట.

అసలు ఫైలు ఎందుకు మొండికేస్తుంది? చాలాసార్లు దాన్ని ఎవరో పట్టుకొని ఉంటారు. వీడియో ప్లేయరో, యాంటీవైరసో, ఒక్కోసారి విండోస్ తానే! వీడియో ఉన్న ఫోల్డరు తెరవగానే విండోస్ దాని బొమ్మ, నిడివి చూపించాలని లోపల చదవబోతుంది. ఫైలు సగంలో విరిగి ఉంటే చదువుతూ చదువుతూ అక్కడే చిక్కుకుంటుంది. మనమేమో తీసెయ్యమంటాం, అదేమో "ఈ ఫైలు వాడకంలో ఉన్నది" అంటుంది. ఇటువంటప్పుడు ప్రివ్యూ పేన్ ఆపి, కిటికీలన్నీ మూసి, కంప్యూటరును రీస్టార్ట్ చేసి, మరే ప్రోగ్రామూ తెరవకముందే తీసిచూడండి. సగం కేసులు ఇక్కడే తీరుతవి.

అప్పటికీ పోకపోతే సేఫ్ మోడ్ ఉన్నది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ అనండి. నీలం తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్ళీ రీస్టార్ట్, ఆపైన 4 అంకె. ఇందులో విండోస్ అవసరమైన పనివాళ్ళతో మాత్రమే లేస్తుంది గనుక ఫైలును పట్టుకొనేవారు తక్కువ. పేరు మరీ పొడవైనా ఇబ్బందే. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే దారి మొత్తం 260 అక్షరాలు దాటి, విండోస్ చేతులెత్తేస్తుంది. పై ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్క అక్షరానికి కుదించండి, పోతుంది.

ఇక అసలు సంగతి. తప్పు ఫైలుది కాక డిస్కుది అయితే? కాపీ చేస్తుంటే "సైక్లిక్ రిడండన్సీ" అని ఏదో నోరు తిరగని మాట వస్తుంది. డిస్కు టిక్కు టిక్కుమంటుంది. చిన్న ఫోల్డరు తెరవడానికే నిమిషాలు పడుతుంది. ఇట్లాంటప్పుడు ఆ ఫైలు జోలికి పోవద్దు. మిగతా ముఖ్యమైనవన్నీ ముందు వేరే డిస్కులోకి ఎక్కించుకోవాలి. ఆ తరువాతే డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద ఉన్న ఎర్రర్ చెకింగ్. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, ముందే చెకింగ్ నడుపుతారు. అసలే నీరసించిన డిస్కును గంటల తరబడి పరిగెత్తిస్తే అది మధ్యలోనే కూలవచ్చును.

పెన్‌డ్రైవ్‌ల కథ వేరు. జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చినాక ఫైళ్ళన్నీ మాయమై షార్ట్‌కట్లు కనిపిస్తే, అసలు ఫైళ్ళు పోలేదు, వైరస్ వాటిని దాచింది. ఫార్మాట్ చేస్తే నిజంగానే పోతవి. షార్ట్‌కట్లను నొక్కకుండా, ముందు యాంటీవైరస్ నడిపి, దాగిన ఫైళ్ళు చూపించే ఏర్పాటు పెట్టి కాపీ చేసుకోండి. కెమెరా కార్డులో ఏదీ తొలగకపోతే పక్కనున్న చిన్న లాక్ మీట చూడండి. అది సరిగానే ఉన్నా తొలగకపోతే కార్డుకు ఆయుష్షు తీరిందని అనుమానించాలి. కొన్ని కార్డులు చివరి దశలో చదవనిస్తవి గాని రాయనివ్వవు.

ఫైళ్ళ పేర్ల చివర ఏవో కొత్త తోకలు వచ్చి, డబ్బు కట్టమని నోటీసు కనిపిస్తే అవి చెడిన ఫైళ్ళు కావు, తాళం పడిన ఫైళ్ళు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే ఈ రకం దాడి ప్రపంచమంతా పాకింది. పొరుగున ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కినవి. దాన్ని అడ్డుకొనే మరమ్మతును మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చిలోనే ఇచ్చింది, వేయించుకోనివారే ఎక్కువగా బలైనారు. ఆ ఫైళ్ళను తీసెయ్యకండి. 2016లో యూరప్ పోలీసులు, మరికొందరు కలిసి పెట్టిన నో మోర్ రాన్సమ్ అనే చోట కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతవి. ఈ సందర్భంలోనే మరొక మాట. విండోస్ 10కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగినవి. పాత కంప్యూటర్లు వాడేవారు ఇది గమనించాలి.

చివరగా, పోని ఫైళ్ళ గూర్చి ఇంతసేపు చెప్పినాము, పోయినట్టే ఉండి పోని ఫైళ్ళూ కలవు. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన ఆధార్ నకలు చెరిగిపోదు. తెలిసినవాడు తిరిగి లేపగలడు. పాత కంప్యూటరు అమ్మేముందు రీసెట్‌లో "అన్నీ తొలగించు" అనే దారి ఎంచుకొని, దానిలో డ్రైవును శుభ్రం చేసే ఏర్పాటు కూడా పెట్టండి. గంటలు పడుతుంది. రాత్రి ఇషా నమాజు తరువాత మొదలుపెట్టి పడుకుంటే ఫజర్‌కు లేచి చూసుకోవచ్చును.

ప్రశ్నలు ఉన్నవారు భోజనాల దగ్గర అడగవచ్చును. వస్సలాం.