చేతిలోని టెలిఫోను, ఇంటిలోని గుట్టు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావ్యాప్తినిగూర్చియో, వివాహవ్యయములను తగ్గించుటనుగూర్చియో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ రెంటినిగూర్చి నాకంటె బాగుగ చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే కలరు. మనలో ప్రతివారి జేబులోను నున్న టెలిఫోనునుగూర్చి నేను నాలుగుమాటలు చెప్పదలచితిని. ఇది మన సంఘమునకు సంబంధింపని విషయమని తలపవలదు. ఎట్లు సంబంధించునో ముందుముందు తెలియగలదు. అందు నా తప్పును కొంత కలదు.

మనదేశమున పోస్టుకార్డు 1879 లోను, మనియార్డరు 1880 లోను ఏర్పడినవి. పట్టణమున కొలువు చేయు కుమారుడు పంపిన సొమ్మును పోస్టుమాను తెచ్చి, అరుగుమీద కూర్చుండి నోట్లు లెక్కించి, తల్లిచేత వ్రేలిముద్ర వేయించి, ప్రక్కయింటివానిచేత సాక్షిసంతకము చేయించుకొని పోవుచుండెను. ఎవరికెంత వచ్చినదో సాయంకాలమునకు ఊరంతయు నెరుగును. కార్డుపై కోడలు వ్రాసిన నిష్ఠురములను సయితము పోస్టుమానే చదివి వినిపింపవలసియుండెను. కావున పూర్వము మన గుట్టు పదిలముగ నుండెననుట పొరపాటు. అయితే ఒక్క విశేషము: మన గుట్టు తెలిసినవాడెవడో మనకును తెలియును. వాని యిల్లును, వాని తండ్రి పేరును తెలియును. మోసము చేసినచో మరునాడు వాడు మరల ఆ వీధినే రావలసియుండెను.

ఇప్పటి వసతి వేరు. 2016 ఏప్రిలు 11వ తేదీన యూపీఐ అను చెల్లింపు పద్ధతి మనదేశమున ఆరంభమాయెను. 2025 ఆగస్టు ఒక్క మాసమునందే దానిద్వారా జరిగిన చెల్లింపుల సంఖ్య 2000 కోట్లు దాటినది. జపానుదేశమున డెన్సో వేవ్ అను సంస్థవారు మోటారుబండ్ల భాగములను గుర్తించుటకై 1994 లో కల్పించిన క్యూఆర్ కోడు నేడు మన కూరలగంపలకు వ్రేలాడుచున్నది. చిల్లర లేదని చాక్లెట్లు చేతిలోపెట్టు దుకాణదారుల బాధ తీరినది. నేనీ వసతిని నిందించువాడను కాను. నేను సభకు వచ్చిన బస్సు టిక్కెట్టు కూడ ఇట్లే కొంటిని. దుకాణములలోని పెట్టెమాత్రము మనమిచ్చిన సొమ్మెంతో గొంతెత్తి చాటుట నాకు నచ్చదు. మందులకొట్టులో ఎంత చెల్లించితిమో వీధికి తెలియవలసిన పనియేమి?

పోయినదేమనగా, మధ్యనున్న మనుష్యుడు. పూర్వము బ్యాంకునకు పోయి ఒక ముసలమ్మ ఉన్నసొమ్మంతయు తీయబోయినచో, గుమాస్తా సంతకము పోల్చి, ముఖము చూచి, "ఎందుకమ్మా ఇంత? కూడ నెవరు వచ్చినారు?" అని యడుగుచుండెను. ఆ ప్రశ్నవలన విసుగును పుట్టెడిది, కొన్ని కొంపలును నిలిచెడివి. నేడా ప్రశ్నను ఎవరికి వారే వేసికొనవలెను. గుమాస్తా పని, సాక్షి పని, కావలి పని మూడును మనమీదనే పడినవి. జీతము మాత్రము లేదు.

వ్రేలిముద్ర సంగతియు నిట్టిదే. 1858 లో వంగదేశమున విలియం హెర్షెల్ అను ఆంగ్లోద్యోగి ఒక కంట్రాక్టుదారునిచేత ఒడంబడికపై అరచేతిముద్ర వేయించెను. ఆ పిమ్మట చిరకాలము వ్రేలిముద్ర అనగా చదువురానివాని గుర్తు. నేడు పట్టభద్రులును ఆధారుకై పదివ్రేళ్లును ఒత్తుచున్నారు. 2018 లో తెలంగాణమున ఒకడు భూమి రిజిస్ట్రేషను దస్తావేజులపైనుండి వ్రేలిముద్రలను గ్రహించి, రబ్బరుముద్రలు తీసే యంత్రముతో వానికి నకళ్లు చేసి, ఇతరుల పేర సిమ్ములను చలామణిలోనికి తెచ్చి పట్టుబడెను. పిన్ను సంఖ్య వెల్లడియైనచో ఈరాత్రియే మార్చుకొనవచ్చును. బొటనవ్రేలిని మార్చుకొనుట యెట్లు? ఆధారు సంస్థవారు వ్రేలిముద్రలకు తాళము వేసికొనుటకు వీలు కల్పించినారు, కావలసినప్పుడు తీయవచ్చును. ఈ సంగతి మనవారిలో పదుగురికైనను తెలియునా యని నా సందేహము.

ఇక మా అక్కగారి విషయము. ఆమె వయస్సు అరువదియెనిమిది. కుమార్తె కొడుకును తనయొద్ద నుంచుకొని చదివించుచున్నది. 2023 ఆషాఢమాసములో ఒకనాటి మధ్యాహ్నము ఆమెకొక ఫోను వచ్చెను. మాటలాడినవాడు మిక్కిలి మర్యాదగా, "అమ్మా, మీ మనుమనికి సంఘమువారి విద్యార్థివేతనము మంజూరైనదండి" అనెను. బాలుని పేరు, వాని తండ్రిపేరు, తరగతి, గ్రామము, అన్నియు సరిగా చెప్పెను. చెప్పవలసినవారు తప్ప ఇన్ని వివరములు మరియెవరికి తెలియునని ఆమె నమ్మెను. సొమ్ము రాబట్టుటకు వచ్చిన సందేశమును తెరచి పిన్ను నొక్కుమనెను, నొక్కినది. సొమ్ము తీసికొనుటకు పిన్ను అక్కరలేదు, ఇచ్చుటకే కావలెనని ఆమెకు తెలియదు. వచ్చినది వేతనము కాదు. సొమ్మిమ్మని కోరు అభ్యర్థన. ఇంటికప్పు మరమ్మతునకై దాచిన నలువదియెనిమిదివేల రూపాయలు పోయినవి. వ్యక్తులు ఒకరినొకరు ఇట్లు కోరు పద్ధతిని 2025 అక్టోబరు 1 నుండి ఎత్తివేసినారు. మా అక్కకు మాత్రము అది ఆలస్యమే.

ఆమె తొమ్మిదిదినములు ఎవరితోను చెప్పలేదు. పదవనాడు నేను పోగా అన్నము వడ్డించుచు కన్నీరు పెట్టుకొనెను. "చదువుకున్న తమ్ముడి చేత మాట పడాలిరా అని చెప్పలేదు" అనెను. ఆ మాట నేటికిని నాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది. అట్టి మాటలు అనువాడనని ఆమె యెరిగియే కదా భయపడినది! మోసము తెలిసిన గడియలోనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో, సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పోవుచుండగనే ఎచ్చటనో ఆపుటకు కొంత అవకాశము కలదు. రిజర్వు బ్యాంకువారు 2017 జూలై 6వ తేదీ ఉత్తర్వునందు, బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని కాని లోపమువలన సొమ్ము పోయి, మూడు పనిదినములలోపల తెలిపినచో ఖాతాదారునకు నష్టము లేదని విధించిరి. తానే పిన్ను నొక్కినవారికి ఆ రక్షణ లేదు. ఫిర్యాదు చేసిన పిమ్మట జరుగు నష్టము మాత్రము బ్యాంకుదే. ఏవిధముగ చూచినను తొమ్మిదిదినముల మౌనము తొమ్మిదిదినముల నష్టము.

వానికి ఆ వివరములెట్లు తెలిసినవి? అంతకుముందటి సంవత్సరపు మన సంచికయందు విద్యార్థివేతనములు పొందిన బాలబాలికల పట్టిక యున్నది. పేరు, తండ్రిపేరు, తరగతి, గ్రామము, ఫోనుసంఖ్య. వాడు అందుండియే గ్రహించెనని నేను రుజువు చేయజాలను. కాని వాడు చెప్పిన క్రమమును, ఆ పట్టికలోని క్రమమును ఒక్కటే. ఆ పట్టికను కూర్చిన ఉపసంఘములో నేనొకడను.

మన పెద్దలు ఇట్టి పట్టికలను చిరకాలముగా అచ్చు వేయించుచున్నారు. అందు దోషము లేకుండెను. 500 ప్రతులు అచ్చుపడి, బంధువుల యిండ్లకు చేరి, బీరువాలలో పురుగులకు ఆహారమగుచుండెను. నేడు ఒక యువకుడు పుటను ఫోటో తీసి వాట్సాపులో పెట్టినచో చీకటిపడులోపల అది ఎంతదూరము పోవునో ఎవరును చెప్పలేరు. మనము వేయు అచ్చు పాతదే. అది పోవు దూరము క్రొత్తది.

వధూవరుల పట్టికనుగూర్చి నాకింకను భయము. కన్య పేరు, ఫోటో, పుట్టినతేదీ, ఘడియలతోసహా జన్మసమయము, ఉద్యోగము, జీతము, తండ్రి ఫోనుసంఖ్య. ఇంతకంటె పరాయివానికేమి కావలెను? బ్యాంకువారు ఫోనులో గుర్తింపునకై అడుగువానిలో పుట్టినతేదీయు నొకటి. ఇవి లేనిదే సంబంధములెట్లు కుదురునని కొందరు పెద్దలు నిన్న నన్ను మందలించిరి. వారి ఆత్రము నేనెరుగుదును. నాకును పెండ్లికావలసిన కుమార్తె కలదు. కాని పూర్వము పెండ్లిపెద్ద అందరి జాతకములను గోడకు అంటింపలేదు. అడిగినవాడెవడో, వాని యింటిగౌరవమేదో కనుగొని పిమ్మటనే విప్పుచుండెను. ఆ పని మన కార్యాలయమే చేయవచ్చును. సంచికలో ఒక క్రమసంఖ్య, విద్య, జిల్లా చాలును. మిగిలినవి వచ్చి తమ పేరు వ్రాసియిచ్చినవారికి చూపవచ్చును.

2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టునందలి తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యము తెచ్చినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు. 2023 లో పార్లమెంటు వ్యక్తిగతవివరముల రక్షణకై ఒక చట్టమును చేసినది. ఆ చట్టమునకు వెరచి ఈమాట చెప్పుటలేదు. మన కార్యాలయమున గోనెసంచిలోనున్న దరఖాస్తులను చూచి చెప్పుచున్నాను. ఏడుసంవత్సరముల ఆధారు నకళ్లు, పాసుపుస్తకపు నకళ్లు అందున్నవి. ఆ గదికి తాళమైనను లేదు. పని తీరినవానిని కాల్చివేయవలెను. ఇకముందు చివరి నాలుగంకెలు మాత్రము కనబడు ఆధారు ప్రతినే తీసికొనవలెను. అది ఉచితముగనే లభించును.

ఈ మూడుమాటలను తీర్మానముగ వ్రాసి అధ్యక్షులవారికి సమర్పించితిని. ఓడించినను సరియే, చర్చకు మాత్రము రానిండు. ఈ సంచిక చివర ముద్రింపబడు సభ్యులపట్టికలో నా పేరెదుట ఫోనుసంఖ్య వేయవలదని కార్యదర్శిగారిని కోరితిని. నాతో పనిగలవారు ఆదివారములందు సంఘకార్యాలయమునకు రావచ్చును. ఉదయము తొమ్మిదినుండి భోజనమువేళవరకు అచ్చటనే యుందును. టెలిఫోనునందలి తాళములను వేసికొనుట తెలియని అక్కలును, అత్తలును ఆ వేళనే వచ్చినచో దగ్గర కూర్చుండి చూపగలను. మా అక్కగారును అచ్చటనే యుండును.